నాలుగో సంతకం

రక్త నమూనాల గది ముందు ఐస్ పెట్టెతో నిలబడ్డ ఆవిడ వేరే ఆసుపత్రిలో పరిశోధకురాలు. ఆ గదిని చూసుకునే పెద్దాయన తాళం తీశాడు కానీ తలుపు తీయలేదు.

“ఏంటండీ, తలుపు తీయడానికి ముహూర్తం చూస్తున్నారా? ఆసుపత్రుల ఉమ్మడి జాబితాలో మీ దగ్గర నలభై నమూనాలున్నాయని ఉంది.”

“ఉన్నాయమ్మా. కానీ తీసుకెళ్లకండి.”

“అయిదు గంటలు బస్సులో వచ్చాను. ఇవి లేకపోతే పిల్లల మందు మోతాదు తేల్చలేను.”

“అందుకే చెప్తున్నా. మొన్న వేసవిలో ఫ్రీజర్ రెండు రోజులు ఆగిపోయింది. అన్నీ కరిగి మళ్లీ గడ్డకట్టాయి. చూడ్డానికి నిక్షేపంలా ఉంటాయి, పరీక్షిస్తే మాత్రం తప్పుడు లెక్కలొస్తాయి.”

“మరి జాబితాలోంచి తీసెయ్యరేం?”

“తీస్తే ఎందుకు తీశారని అడుగుతారు. మా డాక్టరుగారు నోరు మూసుకోమన్నారు. నాకింకా పదకొండు నెలల సర్వీసుంది.”

“నాకంటే ముందు ఎవరైనా పట్టుకెళ్లారా?”

“ముగ్గురు.”

“వాళ్లకి చెప్పారా?”

“లేదు. నమూనాలు కావాలని మీరు రాసిన ఉత్తరంలో పిల్లల మందు కోసమని చదివాక మనసొప్పలేదు.”

“ఎవరా ముగ్గురు? వాళ్లకి నేను చెప్తాను.”

“పేర్లు నేను చెప్పకూడదమ్మా. నమూనాలు అందినట్టు ఈ రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. పెట్టేటప్పుడు పైన వాళ్ల పేర్లు కనబడతాయి. నేను అటు తిరుగుతాను.”

“పెడితే నేనూ తీసుకున్నట్టేగా?”

“అవును. పెట్టనివాళ్లకి రిజిస్టర్ తెరవడానికి నాకు వీల్లేదు.”

ఆవిడ ఐస్ పెట్టె కింద పెట్టింది.

“పెన్ను ఇవ్వండి.”