తూకం రాళ్ళు

టాటానగర్ సాక్చి బజారులో చింతపండు, బెల్లం టోకు దుకాణం. వెనకే ఇల్లు, పెరట్లో మరుగుదొడ్డి. ఆదివారం పొద్దున్న, లోపల గడియ పెట్టుకుని దుకాణం యజమాని పోలరాజు. తలుపు బయట అతని భార్య తవిటమ్మ.

"వత్తన్నాను, వత్తన్నాను అని ఎన్నిసార్లు చెప్తారండీ? డాక్టరు శాంతకుమార్ గారొచ్చి దుకాణంలో కూకున్నారు."

"కూకోనీ. టీ ఇయ్యి."

"ఇచ్చాను. తాగీసారు కూడాను. బేగి రండి, ఆయనకి చర్చికి టైమైపోతందంట."

"అయితే పొమ్మను. మన మూలంగా చర్చికి లేటవడం పాపం కాదేటి? తూకం వచ్చే ఆదివారం చూసుకుందాం."

"వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం... ఏటి ఆ చప్పుడు? ఇనుము పడినట్టుంది."

"చెంబు."

"మన చెంబు ప్లాస్టిక్‌ది కదా!"

"ప్లాస్టిక్‌ది పడితే చప్పుడవ్వదేటే? నువ్వు అవతలికి పో. తలుపు కాడ మనిషి నిలబడితే నాకు అవ్వదు."

"అవ్వదా! బొంబాయిలో ఆపరేషన్ అయిన కాడినుంచి మీకు అవ్వకపోవడమన్నదే లేదు. ఎవరొచ్చి సేఠ్ ఎక్కడని అడిగినా, లోపల లెక్కలు చూసుకుంటన్నారని చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. నిన్న మానగో కిరాణా కొట్టాయన ఏటన్నాడో తెలుసా?"

"ఏటన్నాడు?"

"ఇన్ని లెక్కలున్నాయంటే మీ ఆయన వ్యాపారం బ్రహ్మాండంగా నడుస్తున్నట్టేనమ్మా అన్నాడు."

"చూసావా? పేరు నిలబడింది."

"మనిషి నిలబడాలి కదండీ ముందు. డాక్టరు గారు చెప్పింది గుర్తుందా? యాభై కిలోల కిందకి దిగితే ఇంక ఆలోచించడానికేటీ లేదు, మళ్ళీ బొంబాయి తీసుకెళ్ళి పేగు ఎప్పటిలాగ కలిపించీయాలన్నారు."

"దిగలేదు కదా! నెలరోజులై నన్ను బెల్లం దిమ్మలాగ తక్కెడ పళ్ళెంలో కూకోబెట్టి తూత్తన్నారు. ఏ వారమూ యాభై రెండుకి తగ్గలేదు. ఇంకేటి కావాలి మీకు?"

"అదే ఆయనకి అంతు పట్టట్లేదు. తూకం కదలట్లేదు, కళ్ళు చూత్తే పసుపు రాసినట్టున్నాయి. కాళ్ళు అగరొత్తి పుల్లలు. దీపాలు పెట్టీ వేళకి గోడ తడుముకుంటన్నారు. దువ్వెన పెడితే జుట్టు దువ్వెనతో వచ్చేత్తంది."

"నూట ముప్పై కిలోల మనిషిని ఇలా చెయ్యడమంటే మాటలేటి? సరుకు ఎండబెడితే తరుగు పోదేటి? అలాగే అనుకో."

"తరుగు పోతే సరుకు మిగలాలి. మీకు తరుగే మిగిలింది."

"నీకు తెలీదు. బొంబాయి డాక్టరు బైపాస్ అన్నప్పుడే నేనడిగాను, ఏటి సార్, బైపాస్ రోడ్డులాంటిదా అని. ఆయన నవ్వి, అచ్చం అదేనయ్యా అన్నాడు. లారీ ఊళ్ళోకి రాకుండా పక్కనుంచి తిరిగి పోతాది. తిన్నది ఒంటికి పట్టదు. ఎంత మంచి బేరం! తినడం మానక్కర్లేదు, ఒళ్ళు తగ్గిపోద్ది."

"మంచి బేరమే. మరి లారీలన్నీ పక్కనుంచి పోతే సాక్చి బజారు ఏటవుద్దండీ? వ్యాపారస్తులు కదా, చెప్పండి."

"ఆలోచిత్తన్నాను."

"ఆలోచించడానికేటుంది? ఎండిపోద్ది. మీ ఒళ్ళలాగే. లారీలు మట్టుకు పగలూ రాత్రీ తేడా లేకుండా మన పెరట్లోకే వత్తన్నాయి."

"నోరు బాగా లేచిందే నీకు."

"లేవక? మీరు గద్దె మీద కూకుని ఎన్నాళ్ళైంది? బేరం సగంలో ఉండగా లేచి పరిగెత్తుకొచ్చీడమే. టెల్కోలో మా అక్క మనవరాలి బారసాలకి వెళ్ళారా? రిక్షాలో సగం దూరమెళ్ళి వెనక్కొచ్చీసారు. ఈ తలుపు కనబడినంత దూరమే మీ ఊరు. పేగు కలిపించీసుకుందారండీ, నా మాటినండి."

"అమ్మిన సరుకు వాపసు లేదు. దుకాణం ముందు బోర్డు చదువుకో. బికా హువా మాల్ వాపస్ నహీ హోగా."

"అది కొనుక్కెళ్ళినోళ్ళకి పెట్టింది. మీ పేగులకి కాదు."

"కలిపితే ఏటవుద్దో తెలుసా? మళ్ళీ ఒళ్ళొచ్చి మోటా సేఠ్ అయిపోతాను. గోల్ చక్కర్ కాడ ఖాళీ రిక్షావాడు నన్ను చూడగానే సవారీ ఉందనీసి తొక్కుకు పోయేవాడు. ఖాళీ రిక్షా, తవిటీ! పడుకుంటే ఊపిరాడక గోడకి చేరబడి నిద్రపోయీవాణ్ణి. బారిడీహ్‌లో మీ చిన్నాన్న కూతురి పెళ్ళిలో నేను కూకుంటే కుర్చీ విరిగింది. పందిరంతా నవ్వింది. ముందు నవ్వింది ఎవరు?"

"ఎవరు?"

"నువ్వు."

"నేను నవ్వలేదు. పొలమారింది."

"అప్పటికి విస్తర్లే వెయ్యలేదు."

"అదిప్పుడెందుకండీ?"

"ఎందుకంటే..."

"అక్కా! బావ ఇంకా రాలేదా?"

"లేదురా ఆదిబాబూ. నువ్వు తక్కెడ తగిలించీసావా?"

"తగిలించీసాను. కానీ అక్కా, రాళ్ళు తక్కువొచ్చాయి."

"రాళ్ళేట్రా?"

"తూకం రాళ్ళు. రెండు కిలోలవి రెండూ లేవు, కిలోది ఒకటీ లేదు. పక్క కొట్లో అడిగి పట్టుకొచ్చీనా? డాక్టరు గారు జల్దీ జల్దీ అంటన్నారు."

"నిన్న ఉన్నాయేట్రా?"

"నిన్న రాత్రి దుకాణం కట్టీసినప్పుడు ఉన్నాయి. పోయిన ఆదివారం కూడా ఇలాగే లేవు. బావనడిగితే, చిల్లర రాళ్ళతో సర్దరా అన్నాడు. సోమవారం పొద్దున్న చూత్తే వాటి చోట అవే ఉన్నాయి."

"ఏవండీ! రాళ్ళెక్కడున్నాయి?"

"కిడ్నీలో. బైపాస్ అయినోళ్ళకి రాళ్ళు వత్తాయని ఆ డాక్టరే చెప్పాడు కదా."

"ఆ రాళ్ళు కాదు, దుకాణం రాళ్ళు."

"దుకాణంలో ఉంటాయి. వాడికి కళ్ళు లేవు."

"ఆదివారం పోయి సోమవారం వచ్చీ రాళ్ళు ఎక్కడుంటాయండీ?"

"ఆదిగాణ్ణి అవతలికి పొమ్మను."

"వెళ్ళరా. డాక్టరు గారికి బిస్కట్లు పెట్టు. పక్క కొట్టుకి వెళ్ళకు, చెప్తన్నాను... వెళ్ళాడు. ఇప్పుడు చెప్పండి."

"ఏటి చెప్పాలి?"

"ఆ జేబుల బనీను! డబ్బులు పెట్టుకోడానికి మీరు కుట్టించుకున్న ఆ లోపలి జేబుల బనీను! ఎండలు మండిపోతంటే ప్రతి ఆదివారం అది తొడుక్కుని, పైన లాల్చీ వేసుకుని, ఎందుకండీ అంటే డాక్టరు ముందు మర్యాదన్నారు!"

"ఐదు కిలోలేనే."

"ఐదు కిలోలేనా! అంటే మీరు నలభై ఏడు! ఎప్పుడో దిగిపోయారు!"

"మెల్లిగా. డాక్టరు వింటాడు."

"విననీండి!"

"దుకాణం తెరిచిన కాడినుంచి నేను ఒక్కడికి తక్కువ తూచానేమో అడుగు. మానగోలో అడుగు, జుగ్సలాయిలో అడుగు."

"ఎవరికీ తక్కువ తూచలేదు. మీకు మీరు ఎక్కువ తూచుకున్నారు. సరుకు మీరే, రాయి మీరే."

"భయమేసిందే."

"కుర్చీకా?"

"కుర్చీకి. మళ్ళీ కత్తికి. టాటానగర్ నుంచి బొంబాయి దాకా రైలు పెట్టెలో, ఆ దొడ్డిగది బయట జనం తలుపు బాదుతంటే పోవడానికి. కలిపితే ఆ ఒళ్ళు వత్తాది, కలపకపోతే ఈ ఒళ్ళు పోతాది. ఎటు మొగ్గినా నష్టమే కనబడతంది. ఇలాంటి బేరం నీకొత్తే ఏటి చేత్తావు?"

"నష్టమైనా మనిషి దక్కీ వైపు మొగ్గుతాను. రైల్లో తలుపు బయట నేను నిలబడతాను. ఎవడొచ్చి బాదుతాడో చూత్తాను."

"నువ్వు నిలబడితే నాకు అవ్వదే."

"అలవాటు చేసుకోండి. మళ్ళీ లావెక్కితే ఎక్కండి. రిక్షావాడు ఎక్కించుకోకపోతే ఆదిబాబు చింతపండు బండి మీద తీసుకెళ్తాడు. తలుపు తియ్యండి."

"కుర్చీ విరిగితే?"

"నేల మీద కూకుందాం, ఇద్దరమూ. తలుపు తియ్యండి ముందు."

"ఈ గడియ ఇంత ఎత్తున ఎవడు పెట్టించాడే?"

"మీరే. వంగలేకపోతన్నాను, నిలబడి తీసుకోవాలనీసి మిస్త్రీని పిలిచి పైకి బిగించమన్నారు. అదేటిప్పుడు కొత్తగా అడుగుతన్నారు? లేచి నిలబడితే అందుతాది కదా?"

"అందుతాది. నిలబడితే."

"ఏవండీ, నిలబడలేకపోతన్నారా? ఎంతసేపై?"

"నువ్వు వచ్చి పిలిచిన కాడినుంచి. వత్తన్నానని చెప్తూనే ఉన్నాను కదా."

"అయ్యో, నా తండ్రీ! ఒరే ఆదిబాబూ! గునపం పట్టుకురా, డాక్టరు గారిని రమ్మను! మీరు ముందు ఆ రాళ్ళు తీసీండి! ఐదు కిలోల ఇనుము జేబుల్లో పెట్టుకు కూకుంటే ఎలా లెగుత్తారు? తీసి పక్కనెట్టీండి!"

"ఇందాక నువ్వు విన్న చప్పుడు చెంబుది కాదే, తవిటీ. రాళ్ళు అప్పుడే తీసి కిందెట్టీసాను. ఇప్పుడు లెగలేకపోతన్నది నా బరువుకే."