దబ్బనం అక్క ఆఫీసరుని మెట్లెక్కించిన రోజు

ఏంట్రా మనవడా, ముక్కుకి పెట్టుకోవాల్సిన మాస్కు మెడకి వేలాడదీశావు? ఊపిరాడట్లేదా? నువ్వేం కొత్త కాదులే. మా సున్నం ఫ్యాక్టరీలో మేం ఇంకా తెలివిమీరాం. ఇలా కూర్చో. దబ్బనం అక్క అని ఒకావిడ ఉండేది, గోనెలు కుట్టే మనిషి. పోయి ముప్ఫై ఏళ్లు దాటింది. మనిషి పొట్టి, నోరు మాత్రం సైరనే. ఒక ఏడు దుమ్ముకని బస్తాలు మోసే మాకు మాస్కులిచ్చారు. రబ్బరువి, ముందు దళసరిగా వడపోత బిళ్ల. మంచివేరా, కాదనను. కానీ వీపు మీద బస్తాతో మూడంతస్తులు ఎక్కుతూ గాలి లాగితే రాదే! గంటకి నలభై బస్తాలన్న లెక్క మాత్రం తగ్గించలేదు. మేం నలుగురం ఏం చేశాం? అక్క దబ్బనం కాజేసి బిళ్లలకి తలా నాలుగు చిల్లులు పొడిచాం. హాయిగా గాలొచ్చింది. దాంతోపాటు సున్నమూ వచ్చిందనుకో, ఎవడికి పట్టింది?

దొరికిపోయాం. సేఫ్టీ ఆఫీసరు నలుగుర్నీ నిలబెట్టి, "రేపట్నుంచి పనికి రావద్దు" అన్నాడు. అప్పటికి మీ నాన్న నెలల పిల్లాడు. "మాస్కులో లోపమేం లేదు, నేను గంటసేపు పెట్టుకుని చూశాను" అంటాడాయన. అక్క కుట్టుపని వదిలేసి వచ్చింది. "ఎక్కడ పెట్టుకున్నారు సారూ?" "నా గదిలో." "కూర్చునా?" అంది అక్క. "కుర్చీలో ఆయాసం రాదండీ. అదే మాస్కుతో ఒక్క బస్తా ఎత్తుకుని మెట్లెక్కి చూడండి." పౌరుషం గల మనిషి, కోటు విప్పాడు. మొదటి అంతస్తు బాగానే ఎక్కాడు. రెండోదానికి ముఖం కందగడ్డయింది. మూడోది ఎక్కకుండానే బస్తా దించి, మాస్కు పీకి, మెట్టు మీద కూలబడ్డాడు. అక్క నీళ్లిచ్చి, "వీళ్లు గంటకి నలభై ఎక్కాలి సారూ" అంది, మెల్లగా.

మర్నాడు బోర్డు పెట్టారు. మాస్కుతో గంటకి ఇరవై ఎనిమిదే, మధ్యలో పది నిమిషాలు విశ్రాంతి, తేలిగ్గా గాలాడే కొత్త మాస్కులు. మా నలుగురి పనీ నిలబడింది! అక్కని తోపుడుబండి మీద కూర్చోబెట్టి ఫ్యాక్టరీ అంతా ఊరేగించాంరా. "దించండ్రా వెధవల్లారా" అని ఒకటే తిట్లు, ఒకటే నవ్వు. అంత సంతోషం నా పెళ్లిలోనూ లేదు, మీ నానమ్మకి చెప్పకు. మొన్న నా ఎక్స్‌రే శుభ్రంగా ఉండటం చూసి డాక్టరు, "సున్నంలో పనిచేసింది మీరేనా?" అని నోరు తెరిచాడు. మేం నలుగురం డెబ్బై దాటాం.

అక్కా? దగ్గుతోనే పోయింది. కుట్టే గదిలో దుమ్ముండదని ఆవిడకి మాస్కు ఇవ్వలేదు. మాకూ అడగాలని తోచలేదు.

నీ టీ చల్లారిపోతోంది, తాగు.