ఆవిడ కుర్చీ

ఎవరన్నారే నీకు మా చిన్నాన్న పిచ్చివాడని? మీ అత్తయ్యా? దాని మొహం, ఆయన పోయేనాటికి దానికి పళ్ళే రాలేదు. ఇలా కూర్చో, చెప్తా. కాళ్ళు పైకి పెట్టుకో, చీమలున్నాయి. చిన్నాన్న గడియారాలు బాగుచేసేవాడు. మా వీధి గదే కొట్టు. కంటికి ఆ నల్ల గొట్టం బిగించుకుని కూర్చుంటే పక్కన పిడుగు పడ్డా పలికేవాడు కాదు. అయితే ఆయనకో ఆడగొంతు వినిపించేది. మనకెవరికీ వినపడదు, ఆయనకే. దయ్యం కాదే, భయపడకు. పొద్దున లేచింది మొదలు సాధింపే ఆవిడ. 'ఆ చొక్కా మార్చు, ఆ మర అక్కడ కాదు, నీ మొహానికి కొట్టొకటా' అని. పెళ్ళి చేసుకోకుండానే ఆ భాగ్యం దక్కిందని మా అమ్మ నవ్వేది. మా నాన్నకి మాత్రం నవ్వు రాలేదు. తమ్ముడు గాలితో దెబ్బలాడుతుంటే వీధిలో తలెత్తుకోలేకపోయాడు. తీసుకెళ్ళి పెద్దాసుపత్రిలో చేర్పించాడు.

వానలు తగ్గాక వచ్చాడు చిన్నాన్న, నోట్లో నాలుక లేనట్టు. ఆ మందులకి ఆవిడకేమో మత్తు, ఈయనకేమో వణుకు. పట్టకారుతో బుల్లి చక్రం పట్టుకుంటే అదెక్కడికో ఎగిరిపోయేది. మా అమ్మా నేనూ నేలంతా పాకుతూ వెతికేవాళ్ళం. 'మందు కాస్త తగ్గించండి డాక్టరుగారూ, నా పని పోతోంది' అని వెళ్ళి అడిగాడు. డాక్టరు, పాపం కుర్రాడేలే, 'మందు వద్దనడం కూడా జబ్బులో భాగమేనండీ' అన్నాట్ట. 'మరి కావాలంటే?' 'అప్పుడిస్తాం.' చూశావా వరస! ఇంక ఏమడగాలి చెప్పు మనిషి?

అప్పుడు పెట్టాడమ్మా సంఘం. అందరూ ఆసుపత్రి వరండాలో పరిచయమైనవాళ్ళే, గొంతులు వినేవాళ్ళు. పంతులుగారొకాయన, బస్సు కండక్టరు, ఇస్త్రీ చేసే ఆవిడ, ఇంకా ఎవరెవరో. ప్రతి ఆదివారం మా వీధి గదిలోనే. 'మా గొంతులు ఏమంటున్నాయో ముందు అడగండి, మందు ఎంతో మాతో మాట్లాడి వెయ్యండి', ఇదీ వాళ్ళ వాదన. తప్పేముంది? వాళ్ళకో పద్ధతుండేది. మనిషికి రెండు కుర్చీలు. ఒకటి తనకి, పక్కది తన గొంతుకి. కండక్టరుకి మాత్రం మూడు, ఆయనకి ఇద్దరు మరి. 'జరగండి, ముందుకు జరగండి' అని వాళ్ళనీ సర్దేవాడు! ఓరోజు కుర్చీలు చాలక మా నాన్న కూర్చునేది కూడా పట్టుకుపోయారు. దాంతో ఆయన మండిపడి డాక్టరుకి కబురు పెట్టాడు, 'తిరగబెట్టింది, వచ్చి తీసుకుపోండి' అని. ఈసారి లోపల పెట్టారంటే చిన్నాన్న చేతులు ఇంక ఎందుకూ పనికిరావు. మా అమ్మ అన్నం మానేసి కూర్చుంది.

ఆదివారమే వచ్చాడు డాక్టరు. సగం కుర్చీలు ఖాళీ, మిగతా సగంలో జనం బిక్కుబిక్కుమంటూ. వస్తూనే చిన్నాన్న పక్క కుర్చీలో చతికిలబడ్డాడు. గదంతా 'అయ్యయ్యో!' అంది. ఇస్త్రీ ఆవిడ కళ్ళు మూసేసుకుంది. చిన్నాన్న నెమ్మదిగా, 'డాక్టరుగారూ, మీరు ఆవిడ ఒళ్ళో కూర్చున్నారు' అన్నాడు. ఆ అబ్బాయి ముల్లు గుచ్చుకున్నట్టు లేచి, ఖాళీ కుర్చీకేసి తిరిగి, 'క్షమించండమ్మా, చూసుకోలేదు' అన్నాడే! అన్నాక గానీ తెలీలేదు ఏమన్నాడో. పంతులుగారు అడిగారూ, 'తమరు ఎవరితోనండీ మాట్లాడుతున్నది?' ఇంక చూడు నవ్వులు! డాక్టరుకీ కళ్ళలో నీళ్ళొచ్చాయి నవ్వలేక. ఆ తర్వాత నిలబడే, ఒక్కొక్కరినీ 'మీవాళ్ళు ఏమంటారండీ?' అని అడిగాడు. వెళ్ళేముందు, 'మందు ఒక్కసారి మానొద్దు. చేతులు చూసుకుంటూ కొద్దికొద్దిగా తగ్గిద్దాం. ఆవిడ మరీ మీదికొస్తే నాకు చెప్పాలి' అన్నాడు. 'ఆవిడే చెప్తుంది లెండి' అన్నాడు చిన్నాన్న.

మందు తగ్గిస్తూ తగ్గిస్తూ ఉంటే వణుకు ఆగింది. ఆవిడా నోరు విప్పిందనుకో. ఓ సాయంత్రం మా నాన్న ఆ గది గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. చిన్నాన్న ఓ ఆడవాళ్ళ చేతిగడియారంలో బుల్లి చక్రం ఒక్క పట్టుకి కూర్చోబెట్టాడు. నాన్న అది చూసి, 'ఏమంటోందిరా ఆవిడ?' అన్నాడు. అన్నేళ్ళలో అడగడం అదే మొదటిసారి. చిన్నాన్న తలెత్తకుండా, 'అన్నయ్యని నిలబెట్టి మాట్లాడతావేం, కూర్చోమను అంటోంది' అన్నాడు. ఆదివారం కాదుగా, గదిలో ఉన్నవి రెండే కుర్చీలు. ఒకదాంట్లో తనున్నాడు. మా నాన్న ఆ రెండోదానికేసి చూశాడు. చూసి, మోకాళ్ళు పట్టుకుని, మెల్లిగా నేలమీద కూర్చున్నాడు.

ఊఁ... ఆ కిటికీ వెయ్యవే, దుమ్మొస్తోంది.