నీళ్లడిగి చూసిన ఊరు

వికారాబాద్ రైల్వే జంక్షన్, 1979 ఎండాకాలం, సాయంత్రం. తాండూరు వెళ్లే పాసింజర్ కోసం ఒకే బెంచీ మీద ఇద్దరు కూర్చున్నారు: ఊరూరా తిరిగి టీకాలు వేసే నర్సు రుఖియా, ఆమె వెంట తిరిగే ఆయా బుగ్గమ్మ.

"మీ చిన్నమ్మ ఇంటికని గుల్బర్గకు పోయొస్తే సంచిల ఇసుకెట్ల వస్తది బిడ్డా?"

"ఏ ఇసుక?"

"గిది. టీకాల బర్ఫు డబ్బ మీద గుడ్డ కప్పుదామని నీ సంచిల చెయ్యి పెడితే గోర్లల్ల ఇరుక్కున్నది. గవ్వ గూడ దొరికింది. మీ ఖాలా ఇంటి ముంగట గవ్వలు దొరుకుతయా?"

"పెద్దమ్మా, బండెప్పుడొస్తదో అడిగొస్త ఉండు."

"నేను అడిగిన. ఇంక మస్తు లేటంట. కూసో. లీవు పెట్టి యాడికి పోయినవ్?"

"సముద్రం కాడికి."

"మళ్లనా? తుపాను డ్యూటీ అయిపోయి ఏడాది దాటింది కద."

"డ్యూటీ గాదు. ఊర్లు చూడనీకె పోయిన. అక్కడ కొత్తగ మూడు ఊర్లల్ల దవాఖానలు పెడుతున్నరు. తుపానప్పుడు పనిచేసినోళ్లను ఏ ఊరు కావాల్నో అడిగి ఇస్తరంట. రేపు పొద్దుగాల తాండూర్ల డాక్టర్ సాబుకు ఊరి పేరు చెప్పాలె. చెప్పకపోతే వేరేటోళ్లకు పోతది."

"అంటే ఇగ ఈడికి రావు."

"రాను."

"మంచిదే."

"మంచిదేనా?"

"మంచిదే అంటున్న కద. ఎన్నిసార్లు అనాలె? జర కాళ్లు సాపుకో, వాచినయి. పొద్దున్నుంచి నిలవడే ఉన్నవ్."

"అలిసిపోయిన పెద్దమ్మా. ఒకనాడు పూడూరు దిక్కు, ఒకనాడు మర్పల్లి, ఇంకోనాడు కుల్కచర్ల. సూది ఏస్త, పోరడు ఏడుస్తడు, నేను జీపెక్కుత. వానికి రాత్రి జరమొచ్చిందా, తగ్గిందా, నాకు తెల్వదు. మళ్ల పోయేసరికి వాడెవడో, నేనెవరో. ఒక్క ఊర్లె ఉండాలనిపిస్తుంది. నేను సూది ఏసిన పోరడు బడికి పోతుంటే చూడాలనిపిస్తుంది."

"దానికి గంత దూరం పోవాల్నా? మన దిక్కు ఊర్లు లేవా?"

"ఉన్నయి. పొద్దున పోయిన ఊరు ఉన్నది కద."

"గా ముచ్చట ఇప్పుడెందుకు?"

"నీ రైకంత తడిసింది."

"ఎండకు సల్లగుండె."

"నాకు కుర్చీ ఏసిన్రు, గలాసుల నీళ్లిచ్చిన్రు. నిన్ను వాకిట్ల నిలవెట్టి పైకెల్లి దోసిట్ల పోసిన్రు. నిన్ను చూసి నేను గలాసు అట్లనే కింద వెట్టిన."

"నాకేమన్న కొత్తనా? మా మాదిగోళ్ల దోసిళ్లు పుట్టినప్పటి సంది గట్లనే తడుస్తున్నయి. అందుకే కద నేను ముంగల పోయేది. జీపు ఊరవతల ఆపిచ్చి, ఇంటింటికి పోయి దూపైతుంది, నీళ్లియ్యమని అడుగుత. చెంబు చేతికిస్తే ఆ ఇంట్ల దిగుతం. పైకెల్లి పోస్తే ఇంకో ఇల్లు. ఇయ్యాల ఒక్క ఇల్లు గూడ దొరకలే. నేనేం జెయ్యాలె?"

"నిన్ను నేనేమన్నన్నా?"

"అనలే. సరే, చెప్పు. మూడు ఊర్లంటివి. ఏమేమున్నయి ఆడ?"

"దవాఖానకు నర్సొకరు, ఆయా ఒకరు. ఆయాను మాత్రం నర్సే చూసుకోవాలె."

"ఆ దిక్కు పిల్లనే పెట్టుకో. ఆ బాస తెలుస్తది. ఊర్లెట్లున్నయో చెప్పు."

"ఒకటి దీపం స్తంభమున్న ఊరు. కరెంటున్నది, సినిమా హాలున్నది. క్వార్టరు పెంకుటిల్లు. కిటికీ తీస్తే సముద్రమే."

"మన కోట్‌పల్లి ప్రాజెక్టంత ఉంటదా?"

"కోట్‌పల్లికి అవతలి గట్టు కనవడ్తది. దీనికి అవతలి గట్టే లేదు."

"అమ్మో. ఇగ ఆలోచనెందుకు, అదే చెప్పు డాక్టర్ సాబుకు."

"అక్కడ నీళ్లడిగిన. కులమడిగి కొబ్బరి చిప్పల పోసిన్రు. తాగినంక చిప్ప దూరం పారేసి పొమ్మన్నరు."

"సాయబుల పిల్లవని గుర్తువట్టిన్రు."

"ఏమో."

"రెండోది?"

"పడవల రేవున్న ఊరు. రోడ్డున్నది, బస్సున్నది. నీళ్లడిగితే కులమడిగిన్రు. చెప్పినంక ఇంట్ల ఎవ్వరు లేరని ఇంట్లకెల్లే చెప్పిన్రు."

"నవ్వుతున్నవా నువ్వు?"

"మరేం జెయ్యాలె? అప్పుడు ఏడుపొచ్చింది. ఇప్పుడు నవ్వొస్తుంది. మూడోది గవ్వలదిబ్బ. తుపాన్ల సగం ఊరు కొట్టుకపోయింది. క్వార్టరంటే తాటాకుల గుడిసె. కరెంటు లేదు. నీళ్లు లేవు."

"సముద్రం పక్కన ఊరికి నీళ్లు లేకపోవుడేంది?"

"అవి ఉప్పు నీళ్లు పెద్దమ్మా. తాగరాదు. ఆడోళ్లు కోసెడు దూరం నడిచి బిందెలతోటి తెచ్చుకుంటరు."

"గన్ని నీళ్లుండి తాగనీకె లేవా? ఏం ఊరు గది? వద్దు బిడ్డా. దీపమున్న ఊరికే పో. పోయిన రెండు దినాలకు సిస్టరని వాళ్లే గలాసులు తెచ్చిస్తరు. నీకేం?"

"నాకేం. అవును. నీకు చాపలు పడ్తయా?"

"నాకెందుకు? ఉండెటిదానివి నువ్వు, తినెటిదానివి నువ్వు."

"ఉత్తగ అడిగిన. అక్కడ జొన్నరొట్టె దొరకది. ఎప్పుడు చూడు అన్నమే."

"రొట్టె లేకుంటే నువ్వెట్ల బతుకుతవ్? జొన్నలు విసిరి పిండి కట్టిస్త, తీస్కపో. తేమకు పురుగు వడ్తది, అప్పుడప్పుడు ఎండబెట్టుకో."

"కండ్లెందుకు తుడుచుకుంటున్నవ్?"

"ఇంజను పొగ. కంట్ల బొగ్గు పడ్డది."

"బండే రాలే. పొగెక్కడిది?"

"రాకపోతే ఏంది? పడ్డది."

"పెద్దమ్మా."

"నువ్వు పోతే నాకు కష్టమే బిడ్డా. చెప్పొద్దనుకున్న. కొత్త సిస్టరొస్తే నన్ను పనిల ఉంచుతదో లేదో, ఆ ఫికర్ గాదు. బండల గనిల మీ పెదనాయన పోయినంక నాకు ఇంట్ల మాట్లాడెటోళ్లు లేరు. నీ వెంట తిరుగుడే నాకు ఇల్లాయె. రేపటి సంది ముంగల పోయి ఎవరి కోసం నీళ్లడగాలె నేను? పో, పో. నా మాట వట్టించుకోకు. నీది చిన్న వయసు."

"గవ్వలదిబ్బల గూడ నీళ్లడిగిన."

"లేవంటివి కద."

"ఒక ముసలామె అప్పుడే నెత్తి మీదికెల్లి బిందె దించింది. ఆమె గూడ కులమడిగింది. చెప్పిన. నన్నొకసారి చూసింది. ఇంట్లకు పోయి చెంబు తెచ్చి, ముంచి నా చేతికిచ్చింది. నేను తాగంగ మిగిలినయి ఆమె తాగింది. అదే చెంబుతోటి."

"నర్సమ్మవని ఇచ్చింది. నర్సమ్మకు ఎవరైనా ఇస్తరు."

"నర్సునని చెప్పలే. పాత చీర కట్టుకోని, సంచి భుజానికేసుకోని పోయిన."

"తుపానప్పుడు చూసింటరు. గుర్తువట్టింటరు."

"అప్పుడు నేను వేరే దిక్కు పనిచేసిన. ఆ మూడు ఊర్లల్ల నా మొఖం ఎవరికి తెల్వదు."

"అయితే ఆ దిబ్బ మీద సాయబులు మస్తుగ ఉండొచ్చు. కలిసి బతుకుతుండొచ్చు."

"ఒక్క ఇల్లు గూడ లేదు. సాయబుల పిల్లనని గూడ చెప్పలే నేను."

"కులమడిగితే చెప్పిన అంటివి కద? నర్సువని చెప్పలే, సాయబులమని చెప్పలే. మరేం చెప్పినవ్?"

"బండొస్తుంది. లే, డబ్బ పట్టు."

"రానీ. ఏం చెప్పినవ్ బిడ్డా?"

"మూడు ఊర్లల్ల ఒక్కటే చెప్పిన పెద్దమ్మా. నేను మాదిగోళ్ల బుగ్గమ్మ బిడ్డను, మా అమ్మ ఈ ఊర్లె ఉండనీకె వస్తదంటే ముంగల చూసి పోదామని వచ్చిన అన్న."