మూడో మలుపు దగ్గర నీళ్ళు

హలో… నెవిల్? ఆ, నేనే, వెరోనాని. పెట్టెయ్యకు! నీకు పుణ్యం ఉంటుంది, పెట్టెయ్యకు.

…తెలుసు. నాలుగేళ్ళయింది మనకి మాటల్లేక. తిట్టాలంటే తర్వాత తిడుదువు గాని, ముందు విను. నేను సొరంగంలో ఉన్నాను.

— మన సొరంగమే. పార్కులో, చేపల తొట్టి అడుగునుంచి పోయే మన రైడు. బండి ఆగిపోయింది. కరెంటు పోయింది. కిందనుంచి నీళ్ళు వస్తున్నాయి.

…తమాషానా? నా గొంతు విను. తమాషాలా ఉందా?

…కొత్తగా మార్చి కట్టారు కదా. శనివారం జనానికి తెరుస్తారు. ఈలోపు పాత పనివాళ్ళని, వాళ్ళ ఇంట్లోవాళ్ళని ఎక్కించి చూపిస్తామని ఇవాళ పొద్దున పిలిచారు. నీకూ కార్డు వచ్చే ఉంటుంది…

…చింపేశావా. చింపుతావులే.

నేనూ, నా మనవరాలు జిపోరా. ఎనిమిదేళ్ళది. ఎదురు సీట్లో హగన్ గారని ఒక పెద్దాయన. ముగ్గురం. మా వెనక బండిలో కూడా ఎవరో ఉన్నారు, ఏడుపులు వినిపిస్తున్నాయి.

…చేశాను. ముందు వాళ్ళకే చేశాను. ఫైరింజన్లు బయల్దేరాయట, హైవే మీద ఏదో ప్రమాదం, అరగంట పట్టొచ్చన్నారు. బండిలోంచి కదలొద్దన్నారు. ఆ మాట అని పది నిమిషాలైంది. అప్పుడు నీళ్ళు పట్టాల దగ్గరున్నాయి. ఇప్పుడు నా చెప్పుల్లోకి వచ్చాయి, నెవ్.

కాళ్ళు పైకి పెట్టుకో తల్లీ. అలాగ. నేను మాట్లాడేది నెవిల్ తాతతో. ఈ సొరంగంలో ప్రతి మేకూ ఆయన చేత్తో కొట్టిందే. చెప్తాడు, ఏం చెయ్యాలో చెప్తాడు.

…తెరుచుకోదయ్యా, అదే చెప్తున్నా! ఇది మన పాత బండి కాదు. మనది పైనా పక్కలా బార్లా తెరిచి ఉండేది. చెక్క బల్ల, ముందొక ఇనుప కడ్డీ, అంతే. ఎవరైనా భయపడితే గంట తాడు లాగేవాళ్ళు, నేను ముందు బండిలోంచి దిగి నడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చునేదాన్ని. ఇది గాజు గుడ్డు. తలుపులు వాటంతట అవే మూసుకున్నాయి, వాటంతట అవే గడియ పెట్టుకున్నాయి. ఆపదొస్తే తిప్పమని ఎర్ర పిడి ఒకటుంది. తిప్పాను. ఊరికే తిరుగుతోంది.

…ఎవరూ పలకట్లేదు. ఒకావిడ గొంతు మాత్రం వస్తోంది, రికార్డుది, బ్యాటరీ మీద కాబోలు. “మీ సాగర యాత్ర కొద్దిసేపట్లో మళ్ళీ మొదలవుతుంది, ఆనందించండి” అంటోంది. అన్నదే అంటోంది. దాని నోరు పడిపోను.

…మూడో మలుపు. దాటామో, దాటబోతున్నామో తెలీట్లేదు. కటిక చీకటి. మన రోజుల్లో పైన అద్దాల్లోంచి ఎండ దిగేది కదా, కరెంటు పోయినా మొహాలు కనపడేవి. ఇప్పుడు పైన మూసేశారు. తొట్టి గాజుకి సగం దాకా టీవీ తెరలు బిగించారు. వాటిలో బొమ్మ చేపలు పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తాయి. నిజం చేపలు తెరల వెనకాల ఎక్కడో. …నిజం చెప్పనా? మొదటి రెండు మలుపులూ మురిసిపోయాను. కుదుపు లేదు, గాజులోకి గొలుసు మోత రాలేదు. నెవిల్‌ది వట్టి మొండితనం, నేను మీటింగులో పాతది తీసెయ్యమని చెయ్యెత్తడమే మంచిదైంది అనుకుంటున్నాను… అప్పుడే ఆగింది.

హగన్ గారూ, మీ ఫోన్ లైటు ఇటు తిప్పండి సార్, తలుపు అంచు చూద్దాం—

అమ్మో!

…ఏం లేదు. ఏం లేదు, నెవ్. లైటు గాజు మీద పడింది, ఇంత నోరేసుకుని… బిషప్పు. మన ముసలి బిషప్పే. ఇంకా బతికే ఉన్నాడు. చేపే తల్లీ, భయపడకు, మంచి చేప, ఏమీ చెయ్యడు.

…గాజా? ఆగు, తడిమి చూస్తా. పొడిగానే ఉంది. పగులు లేదు. పైనుంచి చుక్క కూడా పడట్లేదు. కిందనుంచే.

…రుచి చూడాలా? ఛీ. …ఉప్పు లేదు, తొట్టి నీళ్ళు కావు. 

…ఊటే అంటావా? ఎప్పుడూ ఊరే నీళ్ళే? అలా ఊరితే పంపు తోడేసేది కదా. …పంపూ ఆగిపోయింది. …మనకి దానికి వేరే డీజిల్ ఇంజిను ఉండేది! గుర్తుంది, రోజూ దాన్ని బూతులు తిడుతూ తుడిచేవాడివి. …తీసేశారా? నీకెలా తెలుసు?

…కూలగొట్టిన రోజున వచ్చావా? కంచె బయట నిలబడ్డావా, రోజంతా? …నాకెవరూ చెప్పలేదు.

సరే. సరే. ఎంతవరకు వస్తాయి? …పట్టాల పక్క గట్టు ఎత్తు దాకా వచ్చి బయట కాలవలోకి పొర్లిపోతాయి. అమ్మయ్య. …“ఆ కాలవ మూసెయ్యకపోతే” అంటే ఏమిటి? నెవ్! మూశారా, లేదా? 

…తెలీదా.

నెవ్, మా ఆయన పోయినప్పుడు కూడా నేనింత భయపడలేదు. ఇది నా బిడ్డ బిడ్డ. వాళ్ళేమో కదలొద్దన్నారు. నువ్వు చెప్పు. కూర్చోవాలా, బయటపడాలా?

…మోకాళ్ళ దాకా రాకముందే. సరే.

సార్, తలుపుని తన్నకండి. మీకే ఆయాసం. కూర్చోండి. కూర్చోమంటున్నానా!

…మరి నీళ్ళలో కరెంటు ఉంటే? …లేదు, ఎక్కడా ఒక్క దీపం లేదు. …గొలుసు పాతదేనా? మనదే? పైన రంగేసి మళ్ళీ అదే పెట్టారా! అంటే బండిని లాగేది గొలుసే, పట్టాల్లో కరెంటు ఉండదు. …కంచె బయటనుంచి కళ్ళారా చూశావు కదా? …ఒట్టు? …సరే, నమ్ముతున్నా.

…వెనక కిటికీ. ఉంది. …చుట్టూ నల్ల రబ్బరు, ఉంది. …బస్సు కిటికీలకి ఉండేదే? ఆ, అలాగే ఉంది. దాని కొస పట్టుకుని లాగాలి. …కొస ఏదీ? పైన లేదు. పక్కన లేదు. జిప్పీ, నా నడుం పట్టుకోమ్మా, వంగుతున్నా. …దొరకట్లేదు నెవ్! నీళ్ళు పిక్కల దాకా వచ్చాయి, చల్లగా, చేతులు కొయ్యబారుతున్నాయి…

…తిట్టు. తిట్టు, ఇంకా తిట్టు. నువ్వు తిడుతుంటే చెయ్యి ఆడుతోంది.

…కింద, కుడి మూల. …ఉంది! ఉంగరంలా ఉంది, వేలు పడుతోంది. లాగుతున్నా… రాదు… వస్తోంది… పాములా వస్తోంది. హగన్ గారూ, రండి, భుజంతో నెట్టండి. ఇంకా. ఇంకా—

పోయింది! అద్దం అవతల పడింది. నీళ్ళలో పడిన చప్పుడు విన్నావా?

…ఎడమ గట్టు. ముందు హగన్ గారు దిగారు. జిప్పీ, వెళ్ళు, తాత చేతుల్లోకి. దూకకు, జారు. అదీ. నేనూ… అబ్బా… దిగాను.

…సన్నగా ఉంది నెవ్. మనం నడిచిన గట్టులో సగం కూడా లేదు. తెరల పెట్టెలు చోటంతా తినేశాయి. …గోడకి చెయ్యి ఆనించి ముందుకి. పద్నాలుగు అడుగులేస్తే బయటికి తలుపు. అడుగులు నావా, నీవా? …నావైతే పదహారు.

…పదమూడు. పద్నాలుగు. పదిహేను. పదహారు.

తలుపు లేదు.

తలుపు లేదు నెవ్! ఇక్కడంతా పగడాల దిబ్బ, బొమ్మది, గరుగ్గా… ఆ నీలం ఇనుప తలుపు పెరికేశారు, గోడ కట్టేశారు…

…నేను అరవట్లేదు. …సరే, అరుస్తున్నాను. ఊపిరి తీసుకుంటున్నా. …కొట్టి చూడాలా? ఇక్కడ గట్టిగా ఉంది. ఇక్కడా గట్టే. ఇక్కడ… నెవ్, డొల్లగా మోగుతోంది. విను. విన్నావా? దిబ్బ వెనకాలే ఉంది!

హగన్ గారూ, ఇప్పుడు తన్నండి సార్. మీ కోపమంతా దీని మీద చూపించండి. …ఇంకోటి. …ఇంకోటి…

ఎండ! నెవ్, ఎండ పడుతోంది! తలుపు సందులోంచి… గడ్డి వాసన వస్తోంది… తెరుచుకుంటోంది!

జిప్పీ, తాత చెయ్యి వదలకు. మెట్లెక్కి పచ్చిక దాకా వెళ్ళి అక్కడ కూర్చో. నేనా? ఇదిగో, నీ వెనకే. వెళ్ళు తల్లీ. వెళ్ళమన్నానా!

…వెళ్ళారు. ఇద్దరూ వెళ్ళారు.

…లేదు. నేను ఇంకా లోపలే ఉన్నాను. వెనక బండిలో చిన్నపిల్లలు, నెవ్. వాళ్ళకి రబ్బరు సంగతి ఎవరు చెప్తారు?

…వెళ్తున్నా. గోడ పట్టుకుని వెనక్కి నడుస్తున్నా.

…భయమే. చచ్చేంత భయం. నువ్వు ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. ఏదైనా సరే. నీ టమాటా మొక్కలున్నాయా ఇంకా? …పిట్టలు తింటున్నాయా. …ఆ. …మరి వల కట్టలేకపోయావా. …మా బండి దాటాను. నీళ్ళు గట్టెక్కాయి, మడమల మీదుగా పోతున్నాయి. కాలవ మూసేశారు నెవ్. మూసేశారు వెధవలు.

…కనపడింది. లోపల ఒకమ్మాయి, ఇద్దరు పిల్లలు.

అమ్మా! ఇటు చూడు! వెనక కిటికీ, నీకు కుడివైపు, కింద మూల. నల్ల రబ్బరుకి ఉంగరం ఉంటుంది. …ఏడవకు, వెతుకు. …నెవ్, అద్దం ఇటు పడితే పట్టుకోవాలి, రెండు చేతులూ కావాలి. నిన్ను తెర పెట్టె మీద పెడుతున్నా. ఎక్కడికీ పోకు.

ఉంగరం దొరికిందా? లాగు! ఆగకుండా లాగు! …అలాగే… అద్దం నేను పట్టుకున్నా, నెట్టు… చిన్నవాణ్ణి ముందు ఇవ్వు. రా నాన్నా, రా. మెడ పట్టుకో. …పెద్దది కూడా. …నువ్వు రా అమ్మా, నా చెయ్యి పట్టుకో. గోడ వారగా. వెలుతురు వైపు నడవండి, పరిగెత్తకండి, జారుతుంది…

…నెవ్? ఉన్నావా? ముగ్గురూ. ముగ్గురూ దిగారు. ఒకడు నా చంకలో ఉన్నాడు, అందుకే ఇలా రొప్పుతున్నాను.

…మా బండి దాటాం. …పదిహేను. పదహారు. …మెట్లు.

బయటపడ్డాం.

…ఇంకా రాలేదు ఫైరింజను. ఇప్పుడే సైరన్ వినిపిస్తోంది, దూరంగా. కోటు వేసుకున్న ఒకాయన పరిగెత్తుకొస్తున్నాడు, బండిలోంచి ఎందుకు దిగారని అడుగుతాడు కాబోలు. అడగనీ. సొరంగంలోకి వేలు చూపిస్తాను.

జిప్పీ… రా, రా. తడిసిపోయాను, అయినా రా. …ఎక్కడా దెబ్బ తగల్లేదు కదా? చూపించు.

…నెవ్, ఒక మాట. పాతదే మంచిదని నేనిప్పుడు కూడా అనను. పంతొమ్మిదేళ్ళు ఆ కుదుపులకి నా నడుము అరిగిపోయింది. ఆ రోజు చెయ్యెత్తింది నడుము నొప్పి వల్ల. నీ మీద కోపంతో కాదు. అది నీకు చెప్పాల్సింది. ఇంటికొచ్చి చెప్పాల్సింది. చెప్పలేదు.

…నువ్వూ అడగలేదులే.

…ఏమో, ఇప్పుడు మొదలైంది వణుకు. పళ్ళు టకటకలాడుతున్నాయి. ఎవరో దుప్పటి కప్పారు, అయినా ఆగట్లేదు. కళ్ళు మూస్తే ఆ దిబ్బే. తలుపు లేని దిబ్బ.

…ఏమిటా చప్పుడు? …కారు తాళాలా? వద్దు. కంటికి ఆపరేషనయ్యాక నువ్వు ఆ రోడ్డు మీద… ఇంకెవరినైనా నడపమను… నెవ్, నా మాట విను…

…సరే. రా.

తూర్పు గేటు లోపల, పచ్చిక మీద ఉంటాం. నీలం దుప్పటి. జిప్పీ నా ఒళ్ళో ఉంది. …మరి ఫోను పెట్టు. నడుపుతూ మాట్లాడకూడదు. పెట్టు.

…నెమ్మదిగా రా.