జొన్న పాతరల బెలూన్ పెట్టె

గిట్ల గడియారం చూసుకుంట తిరిగితే పాతరల గాలి జల్ది పోతదా సార్? కూసోండ్రి. దించిన దీపం ఆరిపాయె, చూసిన్రు కదా? అడుగున జొన్నలున్నయి, మూత పెట్టి ఉన్నది, చెడ్డగాలి పట్టింది. అది పోయిందాక మనిషి దిగొద్దు.

మీ సైంటిస్టుల పెట్టెకు ఏం కాలె. మీరు ఎగరేసిన బెలూన్ నుంచి ఊడి, ప్యారాచూట్ తోని మెల్లగ మా చేన్ల దిగింది. తెరవొద్దు, ఠాణాల చెప్పుండ్రి అని మీద రాసున్నది. తెరవలె, చెప్పిన. మీరు కామారెడ్డి దాటి ఎల్లారెడ్డికి వచ్చెటాళ్లకు నాలుగు దినాలాయె. గది నా తప్పా?

"మరి పాతరల ఎందుకు పెట్టినవ్?" అంటరు. నోటితోని అనకున్నా ముఖం అంటున్నది. సార్, నేను ఉస్మానియాల బీఎస్సీ. అప్పుడు చదువంత ఉర్దూలనే. ఎలక్ట్రాన్‌ను బర్కియా అంటుంటిమి. మా ప్రొఫెసర్ సాబ్ షేర్వానీ వేసుకొని, పాన్ నములుకుంట... ఆ పాన్ దుకాణం ఎక్కడనో ఎరికేనా? సరే, వద్దులే.

ఆకాశం నుంచి కిరణాలు కురుస్తనే ఉంటయి. వాటిల ఎలక్ట్రాన్లు ఎన్ని, వాటికి ఉల్టా ఉండే పాజిట్రాన్లు ఎన్ని అని మీ పెట్టె లెక్కపెడతది. పాజిట్రాన్లు ఉండాల్సినదానికన్న ఎక్కువుంటే, కంటికి కనబడని పదార్థం ఏదో ఉన్నదేమో అని అనుమానం. పొద్దున జీపు దిగంగనే మీరే చెప్తిరి. సమజైంది సార్. దావత్‌ల ఎంగిలి పళ్లాలు ఎక్కువైతే, పిలవనోళ్లు తిని పోయినట్టే కదా!

మరి పైన ఆకాశంల పెట్టిన లెక్కల మా ఎల్లారెడ్డి కిరణాలు కలిస్తే? అందుకనే మట్టి కింద దాసిన. జీతగాడు మైసన్న, నేను తాళ్లు కట్టి దించినం. జాగ కోసం సగం జొన్నలు తీసి వాకిట్ల పోసినం.

"మబ్బు పట్టింది, కండ్లు కనబడతలేవా?" అని మా బేగం తాహేరా మొత్తుకున్నది. "దునియాకు పనికొచ్చే ఇల్మ్, గీ సైన్సు ముందా, నీ రొట్టెలు ముందా?" అని గద్దించిన.

పొద్దుగూకక ముందే గాలివాన! జొన్నలు మొలకలెత్తినయి.

అప్పటి నుంచి నాతోని మాట బందు. చాయ్ గూడ మైసన్నతోనే పంపుతది. నిన్న కోడితోని మాట్లాడింది సార్, నాకు ఇనపడేటట్టు: "నువ్వే నయం తల్లీ, చినుకు పడంగనే లోపలికొస్తవ్" అని.

మీరు ఆమెకు ఒక్క మాట చెప్పాలె. పాతరల పెట్టకపోతే లెక్కంత ఖరాబయ్యేదని. గంతే.

ఏందీ? బెలూన్ నుంచి ఊడంగనే పెట్టె బందైతదా? కింద పడ్డంక ఒక్క కిరణాన్ని గూడ లెక్కపెట్టదా? అంటే, వాకిట్లనే గోనెసంచి కప్పి పెట్టినా నడిచేదా?

నవ్వకుండ్రి సార్.

పెట్టె బందైతదని తెల్వదు గాని, గీ జర్రంత మట్టి ఆ కిరణాలను ఆపదని నాకు తెలుసు. కొన్నైతే గనులల్ల దాక పోతయని ప్రొఫెసర్ సాబ్ చెప్పిండు. తాళ్లు వదులుతుంటేనే యాదికొచ్చింది. కాని ఊరంత చుట్టు నిలబడ్డది. నలభై ఏండ్ల నుంచి నన్ను బస్సు టైం అడిగిన్రు, అర్జీలు రాయమన్నరు. ఫిజిక్స్ ఒక్కడన్న అడిగిండా? ఆ దినం అందరు నా ముఖమే చూసిన్రు, "ఇప్పుడేం చెయ్యాలె సాబ్?" అని. "ఏం లేదు, గోనెసంచి కప్పుండ్రి" అని ఎట్ల చెప్త సార్?

వద్దులెండ్రి. మీతోని అబద్ధం ఆడించుడు ఎందుకు? నేనే పోయి తాహేరాకు ఉన్నదున్నట్టు చెప్త. తిట్టనీకైనా నోరు తెరుస్తది కదా!