గుమ్మంలో చంకకర్రలు

ఒహాయోలో ఓ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లాకర్ గది. ఒకడు బ్యాగు సర్దుతుంటే, చంకకర్రల మీద వచ్చిన స్నేహితుడు గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“సీజన్ సగంలో వెళ్లిపోవడమేంట్రా?”

“ఏజెంట్ ఇంక ఆడొద్దన్నాడు. ఇప్పుడు దెబ్బ తగిలితే ప్రొఫెషనల్ జట్లు నా మొహం కూడా చూడవు.”

“కోచ్‌కి చెప్పావా?”

“మెసేజ్ పెట్టాను.”

“శభాష్.”

“ఎత్తిపొడవకు. నీ మోకాలు అలా అయినప్పట్నుంచీ నాకు నిద్ర పట్టట్లేదు.”

“ఆ రోజు మ్యాచ్‌లో అవతలి జట్టువాడొచ్చింది నీ కాళ్ల మీదికిరా. అడ్డం పడింది నేను.”

“తెలుసు. అందుకే నీకు చెప్పకుండా పోదామనుకున్నా.”

“బాగానే అనుకున్నావు.”

“జరుగు మరి. బయట కారు ఆగుంది.”

“జరుగుతాన్లే. ఒంటికాలి మీద కదా, కాస్త ఆగు.”